మూడున్నర సెకండ్ల ప్రయాణము

విమానము పుట్టినరోజుగా 1903 డిసెంబరు 17వ తేదీని పిల్లలందరును వల్లింతురు. అంతకు మూడు దినములు ముందుగనే ఆ యంత్రము ఒకసారి నేల విడిచి, మూడున్నర సెకండ్లలో నేలను తాకి విరిగిన సంగతి మాత్రము ఎక్కువమంది ఎరుగరు. విజయగాథలలో ఇట్టివి ఇముడవు కాబోలు!

ఆ దినము సోమవారము. అమెరికాలో ఉత్తర కరోలినా తీరమున కిటీ హాక్ గ్రామమునకు దాపున పెద్ద ఇసుకదిబ్బ యొకటి కలదు. రైట్ సోదరులు దాని వాలుపై 60 అడుగుల కొయ్యపట్టాను పరచి, 605 పౌనుల బరువును 12 అశ్వశక్తుల ఇంజనును గల తమ యంత్రమును దానిపై నిలిపిరి. తీరరక్షక దళమువారు సాయము పట్టిరి. వారి వెంట వచ్చిన ఇద్దరు బాలురు ఇంజను మ్రోత వినగనే పరుగు లంకించుకొనిరట! ముందెవరు ఎక్కవలెనో నాణె మెగురవేసి తేల్చుకొనగా అన్న విల్బర్ గెలిచెను.

యంత్రము పట్టాపై సుమారు 40 అడుగులు పరుగిడి లేచెను. విల్బర్ దాని ముక్కును అవసరమునకు మించి పైకెత్తెను. అది సుమారు 15 అడుగులు లేచి, వేగము కోల్పోయి, దిబ్బ అడుగున కూలబడెను. ఎడమరెక్క ముందుగా ఇసుకను తాకెను. దానితో యంత్రము గిర్రున తిరుగగా, క్రిందనున్న స్కిడ్డు ఇసుకలో దిగబడి విరిగెను. తమ్ముడు ఆర్విల్ చేతిలోని స్టాప్‌వాచీ మూడున్నర సెకండ్లు చూపెను.

ఇంజను చెడలేదు. గాలి తిరుగబడలేదు. మరి కారణమేమి? రెక్క గాలికి కొంచెము ఏటవాలుగా ఎదురు నిలిచినప్పుడే యంత్రమును మోయగలదు. ఆ కోణము పెరిగినకొలది మోయు బలమును పెరుగును. కాని దానికొక హద్దు కలదు. సామాన్యముగా 15 డిగ్రీల ప్రాంతమున గాలి రెక్క పైభాగమును అంటి ప్రవహించుట మాని చెదరిపోవును, బలము చటుక్కున తగ్గును. వైమానికులు దీనినే స్టాల్ అందురు. ఇంజను ఆగుటకును దీనికిని సంబంధము లేదని విద్యార్థులు గుర్తింపవలెను. ఆనాటి యంత్రమునకు ముందువైపున అమర్చిన చుక్కాని మరీ చురుకైనది. తనంత తానే తిరుగబోవు స్వభావము కలది. అయినను విల్బర్ నెపమును యంత్రముపై మోపలేదు. అలవాటు లేమిచే జరిగిన చిన్న పొరపాటని ఇంటికి వ్రాసెను.

చుక్కానిని ముందుంచుటకు ఒక విషాదము కారణము. 1896 ఆగస్టులో జర్మనీ దేశీయుడు ఒట్టో లిలియెంతాల్ నడుపుచున్న గ్లైడరు ఇట్లే స్టాల్ కాగా, ఆయన సుమారు 15 మీటర్ల ఎత్తునుండి పడి మరునాడు మరణించెను. చుక్కాని ముందున్నచో యంత్రము తలక్రిందులుగాక చదునుగా దిగునని సోదరులు తలంచిరి. ఆనాడు యంత్రము తలక్రిందు కాలేదు. విల్బర్‌కు గాయమును కాలేదు. రెండు దినములలో మరమ్మతు ముగిసెను. 17వ తేదీన అతడే 59 సెకండ్లలో 852 అడుగులు ఎగిరెను.

నేటి చిన్న విమానములు దిగునప్పటి ప్రమాదములలో ఈ కథయే మరల మరల కనబడును. రన్‌వే వైపు చివరి మలుపు తిరుగుచు వైమానికుడు దాని సూటిని దాటిపోవును. మరల సూటికి రావలెనని విమానమును మరింత ప్రక్కకు వాల్చును. ఎత్తు తగ్గుచున్నదని కంట్రోలు పిడిని వెనుకకు లాగును. ఎత్తు తగ్గకుండ 60 డిగ్రీలు వాలి తిరుగు విమానము మామూలు కంటె 41 శాతము హెచ్చు వేగముననే స్టాల్ అగును. చాల చిన్న విమానములలో అది సమీపించగనే బూర మ్రోగును. పడిపోవుచున్నప్పుడు ముక్కు నెత్తబోవుట సహజబుద్ధి. దానికి మందు మాత్రము ముక్కును దించుటయే. నేల కొన్ని వందల అడుగుల దూరమున కనబడుచుండగా పిడిని ముందుకు నెట్టుటకు చేయి రాదు. అందుచేతనే శిక్షకులు విద్యార్థిని వేల అడుగుల ఎత్తునకు గొనిపోయి, కావలెననియే స్టాల్ చేయించి, ఆ అలవాటు చేతికి పట్టువరకు మరల మరల చేయింతురు.