మెడలోని గొట్టము – నర్సుల శిక్షణ

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమలలో వేసవిగాలి మిక్కిలి పొడిగా నుండును. ఆ గాలిని తడిపి, వడగట్టి లోనికి పంపునది ముక్కు. పురుగుమందు త్రాగియో, తలకు దెబ్బ తగిలియో చాలదినములు యంత్రముతో శ్వాసించు రోగికి వైద్యులు మెడముందు రంధ్రముచేసి శ్వాసనాళములో గొట్టము నమర్తురు. దీనినే ట్రకియాస్టమీ యందురు. అప్పుడు గాలి ముక్కునకు పోదు. కఫమెండి గొట్టము పూడవచ్చును. రోగి కేకయు వేయలేడు. నర్సు కన్నును చెవియునే అతని గొంతుక.

1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో ప్రబలినప్పుడు వైద్యవిద్యార్థులు ఇట్టి గొట్టములగుండా చేతితో గాలినందించి పెక్కుమందిని బ్రదికించిరి. ఇంటెన్సివ్ కేర్ వార్డులకు అదియే నాంది.

నర్సులకు మేము ముఖ్యముగా చెప్పునవి కొన్ని కలవు. రోగి పీల్చుగాలిని తడుపవలెను. కఫమును లాగుటకు ముందు ఆక్సిజన్ ఇయ్యవలెను. లాగుట 10, 15 సెకండ్లకు మించరాదు. గొట్టము చుట్టునున్న గాలిబుడగలో ఒత్తిడి 20 నుండి 30 సెంటీమీటర్ల నీటి పీడనముగా నుండవలెను. అదే కొలత గొట్టమొకటి, చిన్నదొకటి మంచముచెంత నుంచవలెను. మొదటివారమున గొట్టమూడినచో తామే దూర్పక, నోటికిని రంధ్రమునకును ఆక్సిజన్ పట్టి వైద్యుని పిలువవలెను.

ఇవి వినినంత రావు; బొమ్మపై చేయి తిరుగువరకు సాధన చేయవలెను. రోగిచేతికి పలకయు బలపమును ఇచ్చుట మరువరాదు.