గుండె విశ్రాంతిని కొలిచే ఎకో పరీక్ష

గుండె పుట్టింది మొదలు క్షణమైనా విశ్రమించదని మనం అంటూ ఉంటాము. ఇది పూర్తిగా నిజం కాదు. నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెలో ఒక్కొక్క స్పందనకు 0.8 సెకను పడుతుంది. అందులో సంకోచానికి పట్టేది సుమారు 0.3 సెకను. మిగిలిన 0.5 సెకను వ్యాకోచ కాలం. గుండె కండరం సడలి, తిరిగి రక్తంతో నిండేది అప్పుడే. ఈ సడలే గుణం తగ్గడాన్నే వైద్యులు డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్ అంటారు.

బాన్సువాడలో నా వద్దకు ఎకో రిపోర్టుతో వచ్చే వృద్ధులు రెండు విధాలుగా ఉంటారు. కొందరు "ఇ.ఎఫ్. 60 శాతం ఉంది, గుండెకు ఢోకా లేదు" అంటూ ఆయాసాన్ని గ్యాసు కింద కొట్టివేస్తారు. మరికొందరు "గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్" అన్న పంక్తిని చూసి గుండె చెడిపోయిందని నిద్రాహారాలు మానుకుంటారు. ఈ రెండూ తగవు. ఇ.ఎఫ్. అనేది ఎడమ జఠరిక ఒక్కొక్క సంకోచంలో తనలోని రక్తాన్ని ఎన్నో వంతు బయటికి పంపుతున్నదో చెబుతుంది. అది ఎంత సులువుగా నిండుతున్నదో చెప్పదు.

పరీక్ష ఎలా పనిచేస్తుంది?

మన చెవికి వినబడని శబ్ద తరంగాలను గుండెపైకి పంపి, వాటి ప్రతిధ్వనులతో చిత్రాన్ని రూపొందించేదే ఎకో. స్వీడన్‌లోని లుండ్ నగరంలో ఎడ్లర్, హెర్ట్జ్ అనే ఇద్దరు 1953లో దీనికి నాంది పలికారు. ఇందులో సూది గుచ్చడం గాని, ఎక్స్‌రే కిరణాలు గాని ఉండవు. డాప్లర్ పద్ధతితో రక్తం ప్రవహించే వేగాన్ని కూడా కొలుస్తారు.

నిజాంసాగర్ కాలువ కింద వ్యవసాయం చేసేవారికి ఈ విషయం సులభంగా బోధపడుతుంది. నీరు పల్లమెరుగు. మడి పల్లంగా ఉంటే తూము తీయగానే నీరు దానంతట అదే పారుతుంది. మడి మెరకైతే మోటారు పెట్టి తోడవలసిందే. అలాగే, ఎడమ జఠరిక చక్కగా సడలితే కర్ణికలోని రక్తం మొదటనే వేగంగా దిగుతుంది. దీనిని "ఇ" తరంగం అంటారు. చివరలో కర్ణిక సంకోచించి మిగిలిన రక్తాన్ని నెడుతుంది. అది "ఏ" తరంగం. యౌవనంలో "ఇ" పెద్దది. జఠరిక సడలడం మందగించినప్పుడు "ఏ" పెద్దదవుతుంది. గ్రేడ్ 1 అంటే సాధారణంగా ఇదే. వయసు పైబడిన వారిలో ఇది తరచుగా కనిపిస్తుంది. కనుక ఈ ఒక్క మాటకే భయపడరాదు.

అయితే వ్యాధి ముదిరి కర్ణికలో ఒత్తిడి పెరిగినప్పుడు "ఇ" మళ్లీ పెద్దదై, అంతా సవ్యంగా ఉన్నట్లు భ్రమ కలిగిస్తుంది. అందుకే గుండె గోడ కదిలే వేగాన్ని కూడా కొలిచి, రక్తవేగాన్ని దానితో భాగిస్తారు. ఆ సగటు నిష్పత్తి 14 దాటినా, ఎడమ కర్ణిక పరిమాణం శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 34 మిల్లీలీటర్లు మించినా ఒత్తిడి పెరిగిందని అనుమానించాలి. ఏ ఒక్క అంకెతోనో నిర్ణయానికి రారాదు. ఈ ఒత్తిడి వెనుకకు, ఊపిరితిత్తులలోకి ఎగదన్నడమే ఆయాసానికి మూలం.

ఏమి చేయాలి?

మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, పాదాల వాపు ఉన్నవారు ఇ.ఎఫ్. బాగున్నా సరే నిర్లక్ష్యం చేయక హృద్రోగ నిపుణునికి చూపించుకోవాలి. రక్తపోటు, మధుమేహం, స్థూలకాయం గుండెను బిరుసెక్కించే ముఖ్య కారణాలు. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచా మించరాదు. తొక్కులు, అప్పడాలు, వడియాలలోని ఉప్పు కూడా ఈ లెక్కలోనిదే. వైద్యుని సలహాతో నిత్యం నడవాలి. మధుమేహానికి వాడే ఎంపగ్లిఫ్లోజిన్ అనే మందు, ఇ.ఎఫ్. బాగున్న హృదయ వైఫల్యంలో కూడా ఆసుపత్రి పాలయ్యే అవసరాన్ని తగ్గిస్తుందని 2021లో వెల్లడైంది. దీనిని వైద్యుడు నిర్ణయిస్తేనే వాడాలి.

వ్యానవాయువు హృదయంలో ఉండి దేహమంతటా సంచరిస్తుందని అష్టాంగహృదయం చెబుతుంది. ఎకోలో కనిపించే ఈ దోషాన్నే ప్రాచీనులు వర్ణించారనడం మాత్రం అతిశయోక్తి. హృద్రోగాలకు తెల్లమద్ది బెరడుతో కాచిన పాలను చక్రదత్తం చెప్పింది. దానిని వాడదలచినవారు ముందుగా వైద్యునికి తెలియజేయాలి. అది రక్తపోటు మాత్రలకు ప్రత్యామ్నాయం కాదు. కషాయం తాగుతున్నామని మాత్రలు మానివేస్తే రక్తపోటు మళ్లీ పెరిగి, గుండె మరింత బిరుసెక్కుతుంది.

ఈసారి ఎకో రిపోర్టు చేతికి వచ్చినప్పుడు ఇ.ఎఫ్. ఎంత అని మాత్రమే అడిగి ఊరుకోకండి. గుండె సరిగా సడలుతున్నదా, కర్ణిక పెరిగిందా, నా ఆయాసానికి ఇదే కారణమా అని కూడా మీ వైద్యుని అడిగి తెలుసుకోండి.