చూడలేని వారికి వినిపించే ఫారం

బడిలో పేరు నమోదు చేయాలన్నా, డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకోవాలన్నా ఇప్పుడు వెబ్‌సైట్‌లో ఫారం నింపాల్సిందే. కంటిచూపు లేనివారు కూడా ఈ ఫారాలు నింపుతారు. వారి కంప్యూటర్లో "స్క్రీన్ రీడర్" అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. తెర మీద ఉన్నదాన్ని అది పైకి చదివి వినిపిస్తుంది. మౌస్‌తో పని లేకుండా, కీబోర్డు మీద ట్యాబ్ మీట నొక్కుతూ ఒక గడి నుంచి ఇంకో గడికి వెళతారు. అలాంటి స్క్రీన్ రీడర్లలో ఎన్‌వీడీఏ ఒకటి. దాన్ని 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ మొదలుపెట్టారు. ఆయనకూ చూపు లేదు. అది ఉచితం. దాని కోడ్‌ను ఎవరైనా చదవచ్చు, మార్చవచ్చు. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌నే ఓపెన్ సోర్స్ అంటాం.

అయితే స్క్రీన్ రీడర్ ఒక్కటే ఉంటే చాలదు. వెబ్‌సైట్ కూడా సరిగ్గా ఉండాలి. ఒక ఫారంలో "మీ పిల్లలకు వేరుశెనగ అలర్జీ ఉందా?" అనే ప్రశ్న, దాని కింద "ఉంది", "లేదు" అనే రెండు బటన్లు ఉన్నాయనుకోండి. చూసేవారికి ఇబ్బంది లేదు. కానీ ఆ ప్రశ్న ఈ బటన్లదేనని కోడ్‌లో రాయకపోతే, స్క్రీన్ రీడర్ "ఉంది" అని మాత్రమే చదువుతుంది. ఏమిటి ఉంది? వినే తల్లికి తెలియదు. పొరపాటున "లేదు" నొక్కితే ప్రమాదం పిల్లవాడికి! ఇదీ బగ్గే. ప్రోగ్రాం ఆగిపోదు కాబట్టి రాసినవారి కంట పడదు, అంతే.

దీన్ని ఎక్కడ సరిచేయాలి? చాలా వెబ్‌సైట్లను "ఫ్రేంవర్క్" అనే సాఫ్ట్‌వేర్ మీద తయారుచేస్తారు. అది ముందే రుబ్బి పెట్టుకున్న దోసెల పిండి లాంటిది. పిండిలో ఉప్పు తక్కువైతే ప్రతి దోసెలోనూ తక్కువే. ఒక్కో దోసె మీదా ఉప్పు చల్లేకంటే పిండిలోనే కలపడం మేలు కదా!

జాంగో అలాంటి ఓపెన్ సోర్స్ ఫ్రేంవర్క్. 2003లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, లారెన్స్ పట్టణపు దినపత్రిక వెబ్‌సైట్ల పనిలో పుట్టింది. 2005లో అందరికీ విడుదల చేశారు. గిటార్ విద్వాంసుడు జాంగో రైన్‌హార్ట్ పేరు దీనికి పెట్టారు. 1928లో అగ్నిప్రమాదంలో ఆయన ఎడమచేతి రెండు వేళ్ళు దెబ్బతిన్నాయి. మిగిలిన వేళ్ళతోనే మళ్ళీ సాధన చేసి గొప్ప పేరు తెచ్చుకున్నారు.

పైన చెప్పిన బటన్ల సమస్యకు జాంగోలో 2022లో పరిష్కారం వచ్చింది. ప్రశ్నను, బటన్లను ఒకే గుంపుగా కట్టే కొత్త పద్ధతిని 4.1 వెర్షన్‌లో చేర్చారు. 2023 డిసెంబరులో వచ్చిన 5.0లో అదే మామూలు పద్ధతి అయింది. "పాస్‌వర్డ్‌కు కనీసం 8 అక్షరాలు ఉండాలి" వంటి సూచనలు గడి కింద కనబడతాయి కదా, వాటిని గడితో ముడిపెట్టి వినిపించే ఏర్పాటు కూడా 5.0లోనే చేశారు. కొత్త వెర్షన్‌కు మారి, జాంగో ఇచ్చే ఫారాన్ని ఉన్నదున్నట్టు వాడుకునే సైట్లకు ఈ మేలు దానంతట అదే అందుతుంది.

ఇలాంటి మార్పు ఎలా జరుగుతుంది? ముందు ఎవరో ఒకరు సమస్యను రాసి పంపుతారు. మరొకరు తమ కంప్యూటర్లో అదే చేసి చూసి, నిజమేనని తేలుస్తారు. సరిచేసేవారు కోడ్‌తో పాటు ఒక చిన్న పరీక్ష కూడా రాస్తారు. బగ్ ఉన్నంతవరకు ఆ పరీక్ష ఫెయిల్, పోగానే పాస్. ఆ పరీక్షను తీసేయరు, కాబట్టి అదే తప్పు మళ్ళీ వస్తే వెంటనే దొరికిపోతుంది. చివరకు ఇంకొకరు అంతా చదివి సరేనంటేనే జాంగోలో చేరుస్తారు. వీరిలో చాలామంది స్వచ్ఛంద సేవకులే. జాంగోలోని మాటలను తెలుగులోకి మార్చేదీ అలాంటివారే.

తెలుగు పేజీలకు ఇంకో జాగ్రత్త ఉంది. "ఈ పేజీ భాష తెలుగు" అని కోడ్‌లో రెండక్షరాల గుర్తు పెట్టాలి. అది లేకపోతే స్క్రీన్ రీడర్ మన తెలుగును ఇంగ్లీషు గొంతుతో చదవబోయి తడబడవచ్చు.

పిల్లలూ, ఈ వారం అమ్మానాన్నలతో కలిసి ఒక పని చేయండి. మౌస్ పక్కన పెట్టి, ట్యాబ్ మీటతోనే మన బడి ఫారం నింపి చూడండి. ఏం చేశారు, ఏం జరిగింది, ఏం జరగాల్సింది అనే మూడు సంగతులూ కాగితం మీద రాసి తీసుకురండి. మంచి బగ్ రిపోర్టు అంటే అదే. తెలుగులో రాస్తే మరీ సంతోషం!