వార్తల్లో పదం: ఐమాక్

ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్ అండ్ అనాలిసిస్ సెంటర్‌ను క్లుప్తంగా ఐమాక్ అంటారు. తీరప్రాంత నిఘా సమాచారాన్నంతా ఒకచోటికి చేర్చే ఈ కేంద్రం సముద్రానికి చాలా దూరంగా, హరియాణాలోని గురుగ్రామ్‌లో ఉంది.

2008 నవంబరు 26న ముంబయిపై దాడి చేసిన ఉగ్రవాదులు ‘కుబేర్’ అనే మన చేపల పడవను హైజాక్ చేసి తీరానికి చేరువయ్యారు. నౌకాదళం, కోస్ట్‌గార్డ్, మెరైన్ పోలీసులు, కస్టమ్స్, ఓడరేవులు, మత్స్యశాఖ ఎవరి సమాచారం వారి దగ్గరే ఉంచుకుంటే ఎంత ముప్పో అప్పుడు తెలిసొచ్చింది. ఆ అనుభవంతో పుట్టిందే ఐమాక్. 2014 నవంబరులో అప్పటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్ దీన్ని ప్రారంభించారు.

నౌకాదళం, కోస్ట్‌గార్డ్‌లకు చెందిన 51 కేంద్రాలు దీనికి అనుసంధానమై ఉంటాయి. విశాఖపట్నంలోని తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం వాటిలో ఒకటి.

ఐమాక్‌కు సమాచారం అందించే వాటిలో ఏఐఎస్ (ఆటోమేటిక్ ఐడెంటిఫికేషన్ సిస్టమ్) ఒకటి. పెద్ద నౌకల్లోని ఈ పరికరం ప్రయాణంలో కొన్ని సెకన్లకోసారి తానెక్కడుందో, ఎంత వేగంతో, ఎటు వెళుతోందో ప్రకటిస్తుంటుంది. తీర రాడార్‌కు కనిపిస్తున్న నౌక ఏఐఎస్‌లో కనిపించకపోతే ఆరా తీయాల్సిందే.

వాణిజ్య నౌకల సమాచారాన్ని ఇతర దేశాలతో పంచుకునేందుకు 2018 డిసెంబరులో ఐమాక్ ప్రాంగణంలోనే ఐఎఫ్‌సీ-ఐఓఆర్ (ఇన్ఫర్మేషన్ ఫ్యూజన్ సెంటర్ - ఇండియన్ ఓషన్ రీజియన్) ఏర్పాటైంది. విదేశీ నౌకాదళాల అనుసంధాన అధికారులూ అక్కడ పనిచేస్తున్నారు.

నిఘాలో అసలు చిక్కు చిన్న పడవలతోనే. చాలావాటికి ఏఐఎస్ ఉండదు. అందుకే లక్ష చేపల పడవలకు ఉపగ్రహ ఆధారిత ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం చేపట్టింది.