వెన్నపండు



నేటి ప్రసంగమునకు విషయము వెన్నపండు. దీనినే పట్టణములలో అవకాడో యందురు. మన తాతలెరుగని ఫలమగుటచే దీనిని గూర్చి సర్వరోగహరమని కొందరును, ధనికుల వ్యామోహమని కొందరును చెప్పుచున్నారు. చిరకాలము బడిలో పాఠములు చెప్పినవాడను గావున, గుణదోషములు రెండును తెలిసికొనక యే వస్తువునైనను మెచ్చుటగాని నిందించుటగాని నాకు సమ్మతము కాదు.

దీని జన్మభూమి మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతము. వేలకొలది యేండ్లుగా అచటి జనులు దీనిని తినుచున్నారు. నహువా భాషలో దీని పేరు ఆహువకత్ల్. స్పెయిను వారు దానిని అగువాకాతె యనిరి. అవకాడో యను పేరు దానినుండి పుట్టినదే. 1519వ సంవత్సరమున ఎన్సిసో యను స్పెయిను దేశీయుడు తన భూగోళ గ్రంథమున నీ ఫలమును వర్ణించెను. 1926లో కాలిఫోర్నియాలో రుడాల్ఫ్ హాస్ అను తపాలా బంట్రోతు నాటిన విత్తు మొలచి క్రొత్త రకమయ్యెను. 1935లో దానికి పేటెంటు లభించెను. ఆ తల్లిచెట్టు 2002లో నశించినను, దాని అంట్లే నేడు లోకమంతట ఫలించుచున్నవి.

ఈ చెట్టు దాల్చినచెక్క కుటుంబములోనిది. దీని పువ్వు రెండుమారులు విచ్చును. మొదట స్త్రీ పుష్పముగను, పిదప పురుష పుష్పముగను ప్రవర్తించును. కావున రెండు తెగల చెట్లు దగ్గరనున్న కాపు మెరుగుపడును. కాయ చెట్టుననే మిగులబండదు. కోసిన పిమ్మట కొన్ని దినములకు మెత్తబడును.

నూరు గ్రాముల గుజ్జులో క్రొవ్వు సుమారు 15 గ్రాములు, పీచు 7, మాంసకృత్తులు 2 గ్రాములు గలవు. చక్కెర గ్రామునకు లోపే. క్రొవ్వులో నధికభాగము వేరుసెనగ నూనెలోనున్న ఓలియికామ్లమే. పొటాషియము అరటిపండునకంటె నెక్కువ. కావున మూత్రపిండముల వ్యాధి గలవారు వైద్యుని యడుగక దీనిని తినరాదు.

మెక్సికో వారు గుజ్జును మెదిపి ఉల్లి, మిరప, నిమ్మరసము, ఉప్పు చేర్చి గ్వాకమోలె యను పచ్చడి చేసికొందురు. మన దేశమున పాలు, పంచదార కలిపి త్రాగుట కలదు.

రైతులు ముఖ్యముగా వినవలసిన మాట యొకటి. దీని ఆకులు, బెరడు, తొక్క, టెంకలలో పెర్సిన్ అను విషపదార్థమున్నది. మేకలు, ఆవులు, గుఱ్ఱములు వీనిని మేసినచో పొదుగు వాచును, పాలు తగ్గును, గుండె చెడి ప్రాణమే పోవచ్చును. పక్షులకును ఇది హానికరము. కొమ్మలు నరికి దొడ్డిలో వేయకుడు.

కొడగు, నీలగిరుల వంటి చల్లని కొండసీమలు దీనికి తగినవి. వేళ్ళ చెంత నీరు నిలిచిన చెట్టు కుళ్ళును. మెక్సికోలోని మిచోవకాన్ సీమలో లాభాపేక్షచే నీ తోటలకై అడవులనే నరికిరి.

దొరకినవారు మితముగ భుజింపవచ్చును. దొరకనివారు చింతింపనక్కరలేదు, ఇంటనున్న వేరుసెనగలు, ఆకుకూరలు, అరటిపండ్లు శరీరపోషణకు చాలును. అప్పుచేసి కొనవలసినంత మహిమ యే పండునందును లేదు.