కనబడకపోయిన మనిషి, కనబడని బాధ

చీపురుపల్లి ప్రాంతమున రైలెక్కి దూరదేశములకు కూలిపనికి పోవుట క్రొత్త కాదు. కావుననే ఒక మనిషి రాత్రికి ఇల్లు చేరకున్నను, "ఎక్కడికో పనికి పోయియుండును" అని ఇంటివారు, ఇరుగుపొరుగువారు రెండు మూడు దినములు ఊరకుందురు. అతడు బ్రతుకుపై ఆశ వదలుకొని పోయినవాడైనచో, ఆ దినములే మిక్కిలి విలువైనవి. పంచాయతీ సభ్యులు ఈ విషయమును గుర్తింపవలెనని మా మనవి.

ఇట్టి సమయమున ఊరివారు త్రాగుడనియో, ఆలుమగల తగవనియో ఒక్క మాటతో కారణము తేల్చివేయుదురు. కాని ఆ తగవు వెనుక ఇంటివారెరుగని అప్పు, చెప్పుకొనలేని జబ్బు, పదిమందిలో జరిగిన అవమానము కలసియుండవచ్చును. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్క ప్రకారము 2022లో దేశమున 1,70,924 మంది ఆత్మహత్య చేసికొనిరి. వారిలో నూటికి దాదాపు 32 మంది విషయమున "కుటుంబ సమస్యలు" కారణమని వ్రాసియున్నది. ఆ రెండు మాటలలో ఎన్ని బాధలు ఇమిడియున్నవో లెక్కలు చెప్పజాలవు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2010లో జరిగినది ఇందుకొక నిదర్శనము. సూక్ష్మఋణ సంస్థల అప్పులకు మహిళలు వారము వారము వాయిదా కట్టవలసియుండెను. ఒకరు కట్టలేకున్న గుంపులోని తక్కినవారు పూచీపడవలెను. తోడివారి యెదుట తలవంపులకు వెరచి పలువురు తమ కష్టమును దాచుకొనిరి. ఆత్మహత్యల వార్తలు వెలువడగా, ఆ అక్టోబరులో ప్రభుత్వము అప్పుల వసూళ్ళను అదుపుచేయుచు ఆర్డినెన్సు జారీచేసెను.

మనిషి కనబడనిచో వెంటనే పోలీసు స్టేషనులో తెలుపవలెను. 112కు ఫోను చేయవచ్చును. ఇరువదినాలుగు గంటలు ఆగవలెనను నియమమేదియు లేదు. ఇంటివారిని రచ్చబండపై గాక, ఒక్కొక్కరిని వేరుగా, మెల్లగా అడుగవలెను: అప్పులవా రెవరైన వచ్చిరా? ఇటీవల నిద్ర, తిండి తగ్గెనా? వీడ్కోలు మాటలేమైన పలికెనా? అతడు చనిపోయెనని మాత్రము ముందే నిర్ణయింపరాదు.

తిరిగివచ్చినవానిని నిలదీయరాదు, ఒంటరిగా విడువరాదు. "చచ్చిపోవలెనని అనిపించినదా?" అని ఆదరముతో అడుగుటవలన ఆ తలంపు క్రొత్తగా పుట్టదు, బాధ చెప్పుకొనుటకు దారి దొరకును. టెలీమానస్ 14416 నంబరున రాత్రింబవళ్ళు ఉచితముగా సలహా లభించును.

కేసు భయముతో దాచనక్కరలేదు. ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రమైన మానసిక ఒత్తిడికి లోనైనవానిగా భావింపవలెనేగాని శిక్షింపరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టము చెప్పుచున్నది. ఈ మాటను ప్రతి సభ్యుడును తన వార్డులో ఇంటింటికి తెలియజేయవలెనని కోరుచున్నాము.