రేగడి మాగాణికి పిల్లిపెసర

కృష్ణా, గోదావరి డెల్టాలలోని నల్లరేగడి మాగాణుల స్వభావము రైతు సోదరులకు తెలియనిది కాదు. తడిసినపుడు ఉబ్బి కాళ్లకు అంటుకొనును. ఎండినపుడు కుంచించుకొని చేయి దూరునంత నెర్రెలు విచ్చును. తడి మీద దున్నిన పెళ్లలు కట్టును, ఆరిన తరువాత నాగలే దిగదు. మినుము గాని దాళ్వా గాని వేయువారు భూమిని ఎటూ ఖాళీగా ఉంచరు. వరికోత మొదలు తొలకరి వరకు చేనిని బోడిగా వదలువారికే ఈ మాటలు.

ఈ నేలలో నాగలి చేయలేని పనిని వేళ్లు చేయును. వేళ్లు పోయిన దారుల వెంట గాలి, నీరు లోనికి దిగును. చివికిన రొట్ట జిగురువలె పనిచేసి మట్టిని గుల్లపరచును. వేరు బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చుట అదనపు లాభము.

కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచిన వరిలోనే ఎకరాకు 6 నుండి 8 కిలోల పిల్లిపెసర చల్లుడు. అదనంతయు తేమలోనే ఉన్నది. చేనిలో అడుగు వేసిన ముద్ర పడవలెను గాని ఆ ముద్రలో నీరు ఊరరాదు. నీరు నిలిచియుండగా చల్లిన గింజ కుళ్లును, పదును ఆరిన పిదప చల్లినది మొలవదు. యంత్రముతో కోయించువారు ముందుగా చల్లిన మొలకలు చక్రముల క్రింద నలుగును గనుక, కోత కాగానే గొర్రుతో ఎదబెట్టుట మేలు.

ఒకసారి మేతకు కోసికొని, మరల ఎదిగిన రొట్టను పూతదశలో కలియదున్నవచ్చును. అప్పటికి నేల గట్టిపడినచో కోసి అచ్చటనే పరచుడు. నెర్రెలు తగ్గును.

తొలకరికి వేయదలచినవారికి జీలుగ తగినది. ఎకరాకు 12 నుండి 15 కిలోలు చల్లి, 45 - 50 రోజులకు నీరు పెట్టి కలియదున్ని, వారము పది దినములు మురగనిచ్చి నాటవలెను. పల్లపు మడులకు, చౌడు తగిలిన మడులకు ఇదే మంచిది. జనుము నీటి నిలువకు ఓర్వదు.

అసలు చిక్కు విత్తనము కాదు, పశువులు. కోత కాగానే మందలను విడిచిపెట్టు గ్రామములో ఒక్క రైతు పచ్చని చేను నిలుపలేడు. గ్రామాధికారులు కోతలకు ముందే రైతులను, కాపరులను కూర్చుండబెట్టి, ఏ పొలములో ఎప్పటి వరకు పశువులు దిగరాదో నిర్ణయించి చాటింపు వేయించవలెను. కోసిన మేతలో కాపరులకు కొంత వాటా ఇచ్చుట న్యాయము. లేనియెడల ఆ కట్టుబాటు నెలయైనను నిలువదు.

వచ్చే ఏటి విత్తనమునకు ఒక మూల పది సెంట్లు కోయక వదలుడు. ఎండిన కాయ పగిలి గింజ రాలును గనుక, ఉదయపు చల్లదనములోనే ఏరించవలెను.